విలుకాళ్ల వీధి ఆడపడుచు

దేశాన్నేలే షోగన్ గారి పట్నం ఎదో. అక్కడ కూర్చుని ఆయన మంత్రులు దొరల్ని ఒక సీమ నుంచి ఇంకో సీమకి మారుస్తుంటారు. వాళ్ళకేం పోయింది? రెండు పేర్లు అటూ ఇటూ చేస్తారు, టీ తాగుతారు, ఇంటికి పోతారు. ఇక్కడ మా అసమోరిలో కోట ఖాళీ చెయ్యాలి. దొర వెంట సమురాయ్‌లు, వాళ్ళ వెంట విలుకాళ్ళు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు, ముసలివాళ్ళు, కోళ్ళగంపలు, ఊరగాయ జాడీలు అన్నీ కదలాలి. రైతులూ, ఊళ్ళో చేతిపనుల వాళ్ళూ మాత్రం కదలకూడదు. పొలం ఎలాగో మేమూ అలాగే, వచ్చే దొరకి ఉన్నచోటే అప్పగించాలి. ఇదీ పద్ధతి. ఎవడు పెట్టాడో గానీ వాడికి అక్కచెల్లెళ్ళు ఉండి ఉండరు.

ఒషినో పుట్టింది కోట కింద విలుకాళ్ల వీధిలో. అప్పట్లో మా సీమ సవజిరి వంశం వారిది. వాళ్ళు ఏ తాతల కాలంలోనో పడమటి నుంచి వచ్చినవాళ్ళు. వచ్చి ఎన్ని తరాలైనా ఆ వీధి వాళ్ళ యాస పోలేదు, తిండీ మారలేదు. కొత్త సంవత్సరానికి ఊరంతా మోచి అనే దంచిన అన్నపు ముద్దని పలకల్లా కోసి పులుసులో వేసుకుంటే వాళ్ళు మాత్రం గుండ్రంగా ఉండలు చేసుకునేవారు. ఊరివాళ్ళు నవ్వేవారు. వీధివాళ్ళు పట్టించుకునేవారు కాదు.

తండ్రి సవజిరి దొర విలుకాళ్ళలో ఒకడు. పేరుకి కత్తి కట్టిన ఇల్లే, గిన్నెలో మాత్రం ముల్లంగాకు జావ. ఆయన బట్టలకి రంగు వేయించడానికి ఒషినో నది ఒడ్డునున్న నీలి అద్దకం ఇంటికి వెళుతుండేది. ఆ ఇంటి కొడుకు యసోకిచికి మోచేతుల దాకా నీలమే.

“ఆ చేతులు ఎంత కడిగినా పోవా?” అని ఒకసారి అడిగింది.

“పోతే మా నాన్న తంతాడు, పని ఎగ్గొట్టానని,” అన్నాడు యసోకిచి.

ఆ మాటకి నవ్విన నవ్వు పెళ్ళిదాకా తీసుకుపోయింది. విలుకాడి కూతురు ఊరి రంగులవాడికేమిటని వీధిలో నలుగురూ గొణిగారు. తండ్రి మాత్రం, “నా కూతురు మూడు పూటలా తింటాదంటే నాకు అంతే సాలు,” అని తేల్చేశాడు. అమ్మాయి పేరు వీధి లెక్కలోంచి తీసి ఊరి లెక్కలో వేశారు. అదేదో పెద్ద సంగతని అప్పుడు ఎవరికీ తోచలేదు. పుట్టింటికీ అత్తింటికీ మధ్య ఒక వంతెన, అంతే కదా.

మరుసటి వేసవిలో ఆజ్ఞ వచ్చింది. సవజిరి వారు దక్షిణాన హినోసె సీమకి పోవాలి. మోరినుమా వంశం వారు అసమోరికి రావాలి.

వీధంతా చీపుళ్ళు పట్టుకుంది. వెళ్ళేవాళ్ళు ఇల్లు కడిగి, పొయ్యి అలికి, నీళ్ళ తొట్టి నింపి, వచ్చేవాళ్ళకి అప్పగించాలని రివాజు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం ఒషినో తల్లి గుమ్మాలు తోమింది. ఒషినో పక్కన కూర్చుని తోముతూ, “నేనూ వస్తానమ్మా,” అని ఏడ్చింది. తల్లి చెయ్యి ఆపలేదు.

“నువ్వు ఊరిదానివైపోయినావు కదే. నీ మొగుడు మంచోడు. ఏడవాక. మేం మాత్రం మా ఇష్టం మీద పోతాండామా? దొర పోతాండాడు, ఎనకమాల మేం నడస్తాండాం.”

చెల్లెలు ఒనామికి అప్పుడు ఎనిమిదేళ్ళు. దాన్ని ఒషినోయే ఎత్తుకుని పెంచింది. బయల్దేరిన రోజు ఒషినో వంతెన కొసన నిలబడి చూస్తే, ఆ పిల్ల సామాన్ల బండి మీద మూటల మధ్య ఎక్కి కూర్చుని ఆనందం పట్టలేకపోతోంది. జన్మలో మొదటిసారి బండెక్కింది మరి. “అక్కా, చూడే! నేను ఎంత ఎత్తులో ఉండానో చూడే!” అని అరిచింది, చేతులూపింది, నవ్వింది. కనుమ మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉంది. చెల్లి ఏడ్చి ఉంటే బాగుండేదని ఒషినో జీవితాంతం అనుకుంది. ఏడ్చినదాన్ని ఓదార్చవచ్చు. అలా నవ్వుతూ వెళ్ళిపోయినదాన్ని ఏం చేసుకుంటాం?

మోరినుమా వారు వచ్చారు. కోట మీదా, పడవల మీదా, లాంతర్ల మీదా సవజిరి వారి వంశముద్ర చెరిపేసి, కొత్తవారి వరికంకి ముద్ర వెయ్యాలి. ఆ పనంతా ఊళ్ళో అద్దకం ఇళ్ళదే. పుట్టింటి ముద్ర ఉన్న గుడ్డల్ని తన చేతులతో బానలో ముంచి, నిండు నీలం చేసి, కనపడకుండా చేసింది ఒషినో. అత్తగారు కసురుకునే మనిషి కాదు కానీ గిరాకీ ముఖ్యం. “ఆ విలుకాళ్ల యాస కాస్త తగ్గించమ్మా. కొత్త దొర మనుషులు వింటే ఏమనుకుంటారు?” అనేది. ఒషినో తగ్గించుకుంది. తగ్గించగా తగ్గించగా కోపం వచ్చినప్పుడు మాత్రమే మిగిలింది. యసోకిచికి అది సరదా. “ఈవిడ నన్ను తిట్టిన ప్రతిసారీ పుట్టింటికి వెళ్ళొస్తుంది,” అని నవ్వేవాడు. ఒక్కోసారి కావాలనే తిట్టించుకునేవాడు కూడా. అలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?

హినోసె నుంచి ఏ కబురూ లేదు. విలుకాడి ఇంటి క్షేమసమాచారం అన్ని కొండలు దాటించి మోసుకొచ్చే నాథుడెవడు? సముద్రం మీద దక్షిణపు పడవ ఏది వచ్చినా ఒషినో రేవుకి వెళ్ళి, “హినోసె వైపు వాళ్ళెవరైనా ఉన్నారా?” అని అడిగేది. రేవులో ఆవిడకి ‘హినోసెమ్మ’ అని పేరు పెట్టారు. పెట్టుకోనీ అనుకుంది.

ఆ తర్వాత కరువు వచ్చింది. ఎండ కాయక, చలి వదలక, వేసవిలో కూడా పత్తికోట్లు విప్పలేదు జనం. వరి పాలు పోసుకోలేదు. ఒషినో కొడుకు కుమజో అప్పుడు మూడేళ్ళవాడు, ఏడవడానికి కూడా ఓపిక లేక కళ్ళు తెరుచుకుని పడుకుని ఉండేవాడు. పక్క సీమల్లో దొరలు కోఠార్లకి తాళాలు వేసుకుని కూర్చుంటే, మోరినుమా దొర తన కోఠారు తెరిపించాడు. కోట గుమ్మం ముందు పెద్ద పెద్ద అండాల్లో గంజి కాచారు. ఒషినో పిల్లాణ్ణి వీపున కట్టుకుని వరుసలో నిలబడి, దోసిలి పట్టి, మొదటి గుక్క వాడి నోట్లో పోసింది. వాడు మింగాడు. రెండో గుక్కకి ఏడ్చాడు. ఆ ఏడుపు వినగానే చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. కుమజో అలా దక్కాడు.

యసోకిచి తర్వాత చాలాకాలానికి పోయాడు, రొమ్ము పట్టేసి. అప్పటినుంచి నీలిబానలు ఒషినో చేతి కిందికే వచ్చాయి. కుమజో గుడ్డ మీద రంగు పట్టకూడని చోట జిగురుతో బొమ్మలు గీసేవాడు, ఉతికేవాడు, ఆరవేసేవాడు. బానల జోలికి మాత్రం రాడు. నీలిబాన ప్రాణమున్న వస్తువు. దానికి తవుడూ, సున్నమూ, బూడిద తేటా, కాస్త బియ్యపు సారా పోసి పిల్లని సాకినట్టు సాకాలి. ఒక బానకి ఒకే చెయ్యి అలవాటు కావాలంటారు మా రంగులవాళ్ళు.

కుమజోకి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఒషినో నాయనమ్మ అయింది. ఇక అంతేలే అనుకుంటున్న రోజుల్లో, ముప్ఫై ఏళ్ళు దాటాక, మొదటి మంచు పడే వేళకి ఎదో నుంచి మళ్ళీ ఆజ్ఞ దిగింది. మోరినుమా వారు ఇంకెక్కడికో పోవాలి. అసమోరి తిరిగి సవజిరి వారికి.

ఊరు ఊరంతా శవం లేచిన ఇల్లులా అయిపోయింది. రెండు పన్నులు ఒకేసారి గుంజిన సవజిరి పాత రోజులు ముసలివాళ్ళు తలచుకుని శాపనార్థాలు పెట్టారు. కరువులో గంజి పోసిన దొరని పంపించేసి ఎవరికో అప్పజెబుతారా అని వీధి వీధిలో మండిపడ్డారు. ఒషినో కూడా వాళ్ళతో పాటు తలూపి, “అన్యాయమే,” అని, ఇంటికొచ్చి, బానల కొట్టంలోకి వెళ్ళి తలుపు వేసుకుని, చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. దొర మంచివాడో చెడ్డవాడో ఆవిడకి అక్కర్లేదు. ఆ దొర వెనక బండి మీద ఎవరొస్తారన్నదే ఆవిడ ధ్యాసంతా. సిగ్గేసింది కూడా. అయినా సంతోషం ఆగలేదు.

వెనకగది ఖాళీ చేసింది. పరుపు ఎండలో వేసింది.

“ఎవరికమ్మా ఆ పరుపు?” అన్నాడు కుమజో.

“ఎవరికైతే ఏం? ముక్కిపోతోంది.”

వాడు పరుపు రెండో కొస పట్టుకుని తిరగేశాడు. వాడికి తెలియక కాదు.

మంచు కరుగుతుండగా, కోట అప్పగింత ఏర్పాట్లు చూడటానికి సవజిరి వారి ముందు జట్టు దిగింది. ఊళ్ళో ఎవరూ వాళ్ళకి నవ్వు మొహం చూపించలేదు. ఒక మధ్యాహ్నం ఆ జట్టులో విలుకాడొకడు, పాతికేళ్ళవాడు, అద్దకం ఇంటి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“ఇది ఒషినో అనే ఆమె ఇల్లేనా అమ్మా? నది పక్కన యాడ నీలి వాసనొస్తే ఆడ అడగమన్నాది మాయమ్మ.”

ఒషినో బాన కలిపే కర్రతోనే గుమ్మంలోకి వచ్చింది. అతను అడిగిందేమిటో తలకెక్కలేదు. ఆ యాస మాత్రం తిన్నగా కడుపులోకి దిగింది. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ కలల్లో తప్ప ఎవరూ అలా మాట్లాడలేదు.

“మీ అమ్మ…?”

“ఒనామి. నేను సకుహే. నువ్వేనా పెద్దమ్మవి?”

ఒషినో మెట్టు మీద కూర్చుంది. “బతికుందా?” అంది.

“ఉండాదా అంటావేంది పెద్దమ్మా! ఉండి మా పానాలు తోడేస్తాండాది. ఆజ్ఞ వచ్చిన దినమే మూట కట్టి గడపకాడ పెట్టినాది. అన్నం కూడా దాని మీదే కూచోని తింటాది. ఇంకా నెలలున్నాయి గదమ్మా అంటే, మా మీదికి పోట్లాటకి వస్తాది.”

“మా అమ్మ?”

సకుహే తల దించుకున్నాడు. “అవ్వ పోయి శానా ఏండ్లాయ. తాత అంతకు ముందే.”

ఎప్పుడో పోయి ఉంటారని ఒషినోకి తెలుసు. తెలిసినా, ఇప్పుడే పోయినట్టు ఏడ్చింది. ఆ కుర్రాడు ఏం చెయ్యాలో తోచక ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపయ్యాక, “నీ మొగం మరిచిపోయినా అని మాయమ్మ శానా బాధపడతాది,” అన్నాడు. “గొంతు మాత్రం ఇంకా చెవిలోనే ఉండాదంట.”

వెళ్ళేముందు పని కూడా అప్పజెప్పాడు. దొర వచ్చే రోజున కోట గుమ్మానికి కట్టడానికి సవజిరి వంశముద్ర తెర కావాలి. నీటి మీద నెలవంక. ఆ రాత్రి భోజనాల ముందే కుమజోని పక్కకి జరగమని ఒషినో తానే జిగురు గొట్టం అందుకుని నెలవంక గీసింది. అన్నేళ్ళైనా చెయ్యి తడబడలేదు. మనవలు చుట్టూ చేరి, “బామ్మ నవ్వుతోంది,” అన్నారు.

పట్టుమని పది రోజులు గడవకముందే నది ఎగువ పల్లెల పెద్ద మోయెమోన్ వచ్చాడు. కరువులో ఇద్దరు కొడుకుల్ని పూడ్చుకున్న మనిషి. ఒషినో ఇచ్చిన టీ రెండు చేతులతో అందుకుని, విషయం సూటిగా చెప్పాడు.

“పల్లెలన్నీ సముద్రపు ఒడ్డున కూడుతున్నాయమ్మా. మా దొరని మాకుంచమని అడుగుతాం. కొందరం ఎదో దాకా వెళ్ళి మంత్రిగారి పల్లకీకి అడ్డం పడతాం. తలలు పోతే పోనీ. ఊరికో జెండా కావాలి. వాటి మీద రాతలొద్దు, రాసినవాణ్ణి పట్టుకుంటారు. బొమ్మలు చాలు. ముల్లంగో, కప్పో, చీపురో. ఏది ఏ ఊరిదో మాకు తెలుస్తుంది, వాళ్ళకి తెలీదు. అన్నీ ఒకే నీలంలో ఉండాలి. ఒక ఊరు ముందు, ఒక ఊరు వెనక అనిపించకూడదు.”

“మేం చేస్తాం,” అన్నాడు కుమజో, తల్లిని అడక్కుండానే.

ఒషినో టీ కూజా కింద పెట్టింది. “ఎలా చేస్తాంరా? నీలి చచ్చింది.”

మా రంగులవాళ్ళ ఇళ్ళలో అది చావు కబురే. బాన చచ్చిందంటే ఎవరూ మారు ప్రశ్న వెయ్యరు, ఎందుకు చచ్చిందని అడగరు. మూత మీద గడ్డితాడు కట్టేస్తారు. కట్టిన చెయ్యే విప్పాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు.

“అన్నీనా?” అన్నాడు కుమజో.

“అన్నీ.”

వాడు ఆవిడ మొహంలోకే చూశాడు. ఆవిడ చూపు తిప్పుకుంది. మోయెమోన్ మాత్రం చెయ్యి రెండు కళ్ళకీ అడ్డం పెట్టుకుని, “అయ్యో తల్లీ, ఎంత కష్టం వచ్చింది నీకు,” అన్నాడు. తన జెండాల మాటే ఎత్తకుండా ఆవిడని ఓదార్చి వెళ్ళాడు. అతను తిట్టిపోసి ఉంటే ఒషినోకి సులువుగా ఉండేది. ఆవిడ కొట్టంలోకి వెళ్ళి, బతికున్న బానలన్నిటికీ గడ్డితాళ్ళు కట్టింది. నేనేం పాపం చేశాను, ఒక్క చెల్లెల్ని చూసుకోవాలనుకోవడం కూడా తప్పేనా అని బానల్నే అడిగింది.

ఇంకో రంగులవాడు లేడా అంటే, ఉన్నాడు. కోట పని చేసేవాడు. రైతుల జెండాలు ముట్టుకుంటే మెడ పోతుందని ముందే తలుపేసుకున్నాడు.

ఆపై రోజు పొద్దున్నే గుమ్మం ముందు అలికిడైతే ఒషినో తలుపు తీసింది. వీధి పొడుగునా పల్లె ఆడవాళ్ళు. బుట్టల్లో, గుడ్డమూటల్లో, పగిలిన గిన్నెల్లో బూడిద పట్టుకొచ్చారు. చచ్చిన బానని తిరిగి నిలబెట్టాలంటే పది ఇళ్ళ పొయ్యిల బూడిద పోయాలని మా సీమలో ఒక నమ్మకం. మంచుబురదలో కొండదారిన నడిచి వచ్చారు. కాళ్ళకి గడ్డిచెప్పులు తెగిపోయి ఉన్నాయి. ఎవరూ ఆవిడని జెండాల గురించి అడగలేదు. వరుసగా వచ్చి, “నీలి లేవాలమ్మా,” అని మూట పెట్టి తప్పుకుంటున్నారు.

ఒక్కామె మాత్రం, ఒషినో ఈడుదే, మూట వెంటనే దించలేదు. రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

“కాస్తే ఉందమ్మా, ఏమనుకోకు. మేం పుల్ల పుల్లా చూసి కాలుస్తాం. అయినా ఇప్పుడు నయం. ఆ కరువేడు మా పొయ్యిలో బూడిదే లేదు. వండటానికి ఏముంది, మంట పెట్టటానికి? కోట ముందు గంజి తాగొచ్చి, మా ఆయన చల్లారిన పొయ్యి దగ్గరే కూర్చునేవాడు, అలవాటు కొద్దీ. నా కూతురు ఆ గంజితోనే నిలబడింది. మొన్న దానికి మగపిల్లాడు.”

అలా చెప్పి, పుట్టిన మనవణ్ణి తలచుకుని నవ్వింది. మూట ఒషినో చేతుల్లో పెట్టింది. బూడిద ఇంకా వెచ్చగా ఉంది.

ఒషినో దాన్ని పట్టుకునే కొట్టంలోకి నడిచింది. వెనక కుమజో వచ్చాడు. ఆవిడ మొదటి బాన తాడు విప్పింది. మూత తీస్తే, నీలం మీద పూవులా నురగ నిండుగా లేచి ఉంది.

“అమ్మా, బతికే ఉందే,” అన్నాడు కుమజో మెల్లగా.

“ఆఁ. బతికింది.”

“పిన్ని కోసమా?”

“ఇక మాట్లాడకు. గుడ్డలు తడుపు.”

ఆ వసంతమంతా తల్లీకొడుకులు జెండాలు అద్దారు. వీధి తలుపులు మూసి, ఆరేసిన గుడ్డలు కనపడకుండా ముందు పరుపులు వేలాడదీసి, రాత్రి దీపం చూస్తే అనుమానిస్తారని పగలే పని చేశారు. ముల్లంగి, కప్ప, కొడవలి, నత్త, గుమ్మడికాయ. ఒక్కో గుడ్డనీ ముంచి తీసి, గాలి తగిలి ఆకుపచ్చ నీలంగా మారడం చూస్తూ నిలబడేది ఒషినో. ఒక్కో ముంపుకీ ఒనామి ఒక మజిలీ వెనక్కి వెళ్ళిపోతున్నట్టే ఉండేది. ‘ఇదొక్కటీ సరిగా పట్టకుండా వదిలేస్తేనో’ అనిపించేది. వదలలేదు. సవజిరి తెర కూడా అడిగిన వేళకే పూర్తి చేసి ఇచ్చింది. దాన్ని భుజాన వేసుకుని వెళుతూ సకుహే, “మాయమ్మ ఈ గుమ్మంలోకి వచ్చే దినం నేను కూడా ఈడనే ఉంటా పెద్దమ్మా, ఇద్దరూ ఏడిస్తే ఎవరో ఒకరు అన్నం వండల్ల గదా,” అన్నాడు. ఒషినో తలూపింది.

జెండాలు సముద్రపు ఒడ్డున లేచాయి. ఇసక కనపడనంత జనం వచ్చారు. కేక లేదు, రాయి లేదు, కోట మీది దొరవారి కంకిముద్ర వైపు తిరిగి అందరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. మోయెమోన్ మరికొందరితో ఎదో వెళ్ళాడు, పల్లకీకి అడ్డం పడ్డాడు, జైల్లో పడ్డాడు, చివరికి తల మొండెం మీదే పెట్టుకుని తిరిగొచ్చాడు. వేసవి నడుమ కబురు తేలింది. ఆజ్ఞ రద్దు. మోరినుమా వారు అసమోరిలోనే ఉంటారు. సవజిరి వారు హినోసెలోనే. షోగన్ ప్రభుత్వం ఒకసారి వేసిన ఆజ్ఞ మింగడం ఎవరూ ఎరగరు. ఇలా భంగపడ్డాక ఈ రెండు వంశాల జోలికి మళ్ళీ రారనీ అందరికీ తెలుసు.

ఊళ్ళో డప్పులు మోగాయి. సారా పీపాలు వీధిలోకి దొర్లించారు. కుమజో పిల్లలు గంతులేస్తూ వెళ్ళారు. ఒషినో వెనకగదిలో పరుపు మడిచి అటక మీద పెట్టింది. తను చేసింది సరైన పనే అని అనుకుంది. అనుకున్నా గుండెలో బరువు తగ్గలేదు. ఇక ఈ జన్మకి చెల్లెలు లేదు. ఆ మాట పైకి అనుకుని చూసింది, గోడకేసి.

సకుహే బయల్దేరే రోజు వచ్చాడు. ప్రయాణపు చెప్పులు, వీపున మూట. అతని జట్టు వంతెన మీద ఆగింది. ఒషినో లోపలికి రమ్మంది. రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

“కోట తాళాలు ముట్టుకోకనే పోతాండాం పెద్దమ్మా.”

“ఊఁ.”

“ఒడ్డున ఆ జెండాలు చూసినా.” వంతెన మీదివాళ్ళకి వినపడకుండా గొంతు తగ్గించాడు. “మా గుమ్మం తెరా అవీ పక్కపక్కన పెడితే నీలం ఒకటే. మా వాళ్ళకి అవన్నీ తెలీవు. నేను చెప్పలేదు.”

ఒషినో చేతులు దాచుకోలేదు. “నేనే వేశాను,” అంది.

అతను తిడతాడేమోనని చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. కోపం కంటే, ఇంటికెళ్ళి ఏం చెప్పాలన్న దిగులే ఎక్కువున్నట్టుంది.

“మీ అమ్మకి చెబుతావా?”

“చెప్పకుండా ఎట్లుంటా? మొగం చూస్తానే అడుగుతాది.”

“చెప్పు నాయనా, దాచకు. చెబితే ఏమంటుంది?”

“తిడతాది. ఊరంతా వినేటట్ల తిడతాది.”

“ఎలా తిడుతుంది?”

సకుహే అర్థం కాక తలెత్తాడు. ఒషినో ఒక అడుగు ముందుకి వేసింది.

“అదెలా తిడుతుందో అలా తిట్టు నన్ను.”

“నేనా? నిన్నా? తప్పు గదా పెద్దమ్మా.”

“నువ్వు కాదురా, మీ అమ్మ. అది నాకు ఎనిమిదేళ్ళ పిల్లగానే తెలుసు. పెద్దదయ్యాక ఎలా మాట్లాడుతుందో, కోపం వస్తే గొంతు ఎలా ఉంటుందో నాకేం తెలుసు? అది వినకుండానే చావమంటావా నన్ను?”

కుర్రాడు అటూ ఇటూ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. వీపు మీద మూట దించి, నడుం మీద చేతులు పెట్టాడు, ఎవరినో తలచుకుంటున్నట్టు మెడ కాస్త పక్కకి వంచాడు.

“ఏమ్మే… ఏమ్మే అక్కా! నీ చేతులు పడిపోను! బావికాడ ఆడోళ్ళందరికీ పోయొస్తా అని చెప్పేస్తి గదే! వాళ్ళంతా ఏడ్చి, నాకు దుప్పటి కూడా కుట్టిచ్చిరే! ఇప్పుడు ఏ మొగం పెట్టుకోని ఆ బావికాడికి నీళ్ళకి పొయ్యేది? నా బిడ్డలు నవ్వుతాండారు, నా మొగుడు నవ్వుతాండాడు! ముసిలిదానికి పుట్టిల్లు కావల్సి వచ్చెనని నవ్వుతాండారే! అందరూ అడ్డమొస్తే పోనీలే అనుకుంటా. నువ్వొస్తివేమే? నేను నీకాడికి వస్తా ఉంటే నువ్వే తలుపేస్తివే! నేనేం చేసినానే నీకు?”

చివరి మాటకి అతనికే ఏడుపు వచ్చింది. ఒషినో రెండు చేతులా గుమ్మం పట్టుకుని నిలబడి వింటోంది. కళ్ళ నీళ్ళు గడ్డం మీంచి కారుతున్నాయి. ఆవిడ నోరు తెరిచేసరికి, అత్తగారు మాన్పించిన యాస దానంతటదే బయటికి వచ్చింది.

“నువ్వేం చేసినావే తల్లీ, ఏమీ చేయలేదు. బిడ్డ నోట్లో గంజి పోసిరే వాళ్ళు. ఊరు ఊరంతా బూడిద మోసుకొచ్చి నా గడపలో పోసిరే. నేనేం చేసేది, నువ్వే చెప్పు. నిన్ను చూడల్లనే ఉండాదే నాకు. ఈ గడియ కూడా చూడల్లనే ఉండాది.”

సకుహే మొహం తుడుచుకుని, మూట కోసం వంగాడు.

“ఆపుతావేం? తిట్టు ఇంకా,” అంది ఒషినో.

“చాల్లే పెద్దమ్మా.”

“మీయమ్మ ఇంత బిరీన ఆపుతాదా?”

ఆ మాటకి అతనికి ఏడుపులోనే నవ్వు వచ్చింది. “యాడ ఆపుతాది?” అన్నాడు. మూట వదిలేసి, ఆవిడ పక్కన మెట్టు మీద చతికిలబడి, మళ్ళీ మొదలుపెట్టాడు. వంతెన మీంచి అతని జట్టువాళ్ళు పేరు పెట్టి పిలుస్తున్నారు.